ఆదివారం జబ్బు కాదిది!

తెలుగులో అలసటకు ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? బడలిక, నీరసం, నిస్త్రాణ, నిస్సత్తువ, డస్సిపోవడం, సోలిపోవడం, సొమ్మసిల్లడం... మా సీమలోనైతే ‘పానం బాగలేదు’, ‘ఒళ్ళు ఇరిగిపోతాంది’ అని కూడా అంటాం. ఇన్ని మాటలున్నా, నాలుగేళ్ళ క్రితం నన్ను పట్టుకున్న దాన్ని చెప్పుకోవడానికి ఇందులో ఒక్కటీ చాల్లేదు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం తడుముకోకుండా ఒక మాట ఎంచుకున్నారు. అది ఈ వరుసలో లేదు. ‘బద్ధకం’!

మేముండేది ప్రొద్దుటూరులో. అత్తగారిది జమ్మలమడుగు. పుట్టిల్లు పులివెందుల. మావారు ఒక బట్టల అంగట్లో లెక్కలు చూస్తారు. ఇద్దరు పిల్లలు. డిగ్రీ చదివాను, ఉద్యోగం చేయలేదు. తీరిక చిక్కినప్పుడు కథలు రాసుకుంటాను. పొద్దున అయిదింటికి లేచి, వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి, క్యారియర్లు కట్టి, మధ్యాహ్నం పిల్లలొచ్చే లోపల నాలుగు పేజీలు రాసుకునేదాన్ని. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బద్ధకమన్నది మా ఇంటి దరిదాపుల్లో కూడా లేదని మీకు తెలియాలి కదా!

2021 మే నెల. కరోనా రెండో విడత. ఎవరింట్లో ఏ కబురు వినాల్సి వస్తుందోనని ఫోను మోగితే గుండె జారిపోయే రోజులు. నాకూ వచ్చింది. నాలుగు రోజులు జ్వరం, వాసన పోయింది, అంతే. ఆసుపత్రిలో చేరే పని పడలేదు. గండం గడిచిందని అమ్మ మొక్కులు కూడా మొక్కేసుకుంది. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

ఉతికిన బట్టలు బకెట్‌లో పట్టుకుని మిద్దె ఎక్కితే, పదహారు మెట్లకు కాళ్ళు వశం తప్పేవి. పొయ్యి ముందు పావుగంట నిలబడితే గుండె దడదడలాడి కళ్ళు చీకట్లు కమ్మేవి. రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయినా, పొద్దున లేస్తే రాత్రంతా రోలు దగ్గర పిండి రుబ్బినట్టుండేది. అన్నిటికంటే భయం వేసింది మాటలు మరిచిపోవడం చూసి. ‘గరిటె’ అన్న మాట నోటికి రాక ‘అదిగో, అదే... పప్పు తిప్పేది’ అంటుంటే మా పాప నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మాటలతో బతికే మనిషికి మాట దొరక్కపోవడం ఎలాంటిదో కథలు రాసుకునేవాళ్ళకి తెలుస్తుంది. రాసిన పేరా మళ్ళీ చదువుతుంటే చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండేది కాదు.

‘ఏమీ లేదమ్మా!’

ఇక పరీక్షలు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12, డి విటమిన్, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ... మా బీరువాలో ఒక అర ఆ కాగితాలకే సరిపోయింది. డాక్టర్లు ముందు రక్తహీనత చూడటంలో తప్పేమీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే వందలో దాదాపు అరవై మంది! అలసటగా ఉందని వచ్చిన మనిషికి ముందు రక్తమే చూడాలి. థైరాయిడ్ చూడాలి, షుగర్ చూడాలి, క్షయ లేదని తేల్చుకోవాలి. ఈ నాలుగింటికీ మందులున్నాయి మరి.

నా చిక్కల్లా ఏమిటంటే, అన్నీ బాగున్నాయి. ఒక డాక్టరుగారు కాగితాలన్నీ తిరగేసి, ‘ఏమీ లేదమ్మా, టెన్షన్లు తగ్గించుకోండి, పొద్దున్నే వాకింగ్ చేయండి’ అన్నారు. ఇంకొకరు సెలైన్ పెట్టించారు, బలానికి సూదులు రాశారు. ‘ఏమీ లేదు’ అన్న మాట వింటే మామూలుగా సంతోషించాలి కదా? నాకు మాత్రం ఇంటికొచ్చేదాకా ఏడుపాగలేదు. ఏమీ లేనిదానికి ఇంట్లో ఏం చెప్పుకోవాలి?

అమ్మకు తెలిసిన వైద్యం అమ్మ చేసింది. దిష్టి తీసింది. కడప పెద్ద దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చింది. శ్రావణ శనివారం గండి వీరాంజనేయస్వామికి మొక్కుకుంది. నేను దేన్నీ వద్దనలేదు. వాటివల్ల నా ఒంటికి తేడా ఏమీ రాలేదు గానీ, ‘నా బిడ్డకు నిజంగానే బాగలేదు’ అని నమ్మిన మనిషి ఒకరు ఈ భూమ్మీద ఉన్నారని ధైర్యం వచ్చింది.

2022 మొదట్లో కడపలో ఒక ఫిజీషియన్‌కి చూపించుకున్నాం. ఆయన నా కాగితాలు పక్కన పెట్టి, అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. ‘పని చేసిన రోజు ఎట్లా ఉంటుందో కాదమ్మా, పని చేసిన మర్నాడు, ఆ పై రోజు ఎట్లా ఉంటుందో చెప్పండి’ అని. నేను వెంటనే చెప్పలేకపోయాను. ‘నెల రోజులు రాసుకుని రండి’ అన్నారు.

క్యాలెండర్ బయటపెట్టిన గుట్టు

మా వంటింట్లో గోడకు వెంకట్రామా క్యాలెండర్ ఉంటుంది. పాలవాడి లెక్క, గ్యాస్ బండ తేదీ, తిథులు, తద్దినాలు అన్నీ దాని మీదే. ఆ గళ్ళలోనే ఒక మూల ఆ రోజు చేసిన పెద్ద పని రాయడం, పూర్తిగా పడకేసిన రోజుకు పెన్సిల్‌తో సున్నా చుట్టడం మొదలుపెట్టాను.

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. నా జబ్బుకు మా బంధువుల్లో అప్పటికే ఒక పేరు స్థిరపడింది – ‘ఆదివారం జబ్బు’. వారమంతా ఎట్లాగో లాక్కొచ్చి, సరిగ్గా ఆదివారం, జమ్మలమడుగు నుంచి అత్తయ్యవాళ్ళు, మా ఆడబిడ్డ పిల్లలు వచ్చే రోజున నేను మంచం మీద ఉండేదాన్ని. లేచి నాలుగు దోసెలు పోయడానికి కూడా చేతనయ్యేది కాదు. ‘ఏమ్మే, మేమొచ్చే దినమే నీకు పానం బాగుండదే!’ అని అత్తయ్య నవ్వుతూనే అనేవారు. నవ్వుతూ అన్న మాటకు జవాబు చెప్పడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు.

నెల తిరిగేసరికి క్యాలెండర్‌లో సున్నాలు వరుసగా ఆదివారం గళ్ళలోనే పడ్డాయి. వాటికి రెండు రోజుల ముందు శుక్రవారం. శుక్రవారం అంటే మన ఇళ్ళల్లో తెలుసు కదా! ఇల్లంతా కడగడం, గడపలకు పసుపు, తలంటు, పూజ సామాను తోమడం, నైవేద్యం. వీటన్నిటికీ శుక్రవారం సాయంత్రం నాకు మామూలు అలసటే. శనివారం ఫరవాలేదు. ఆదివారం పొద్దున కళ్ళు తెరిస్తే ఒళ్ళు లేవదు, గొంతు మంట, వెలుతురు చూడలేను, పక్కగదిలో టీవీ మోత కూడా భరించలేను.

ఆ కాగితం చూసి డాక్టరుగారు తల పంకించారు. పని చేసిన వెంటనే కాకుండా పన్నెండు గంటల నుంచి రెండు రోజుల తర్వాత ఇట్లా కూలబడిపోవడమే ఈ జబ్బుకు అసలు గుర్తు అన్నారు. పేరు చెప్పారు – క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. దీనికే మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అని నోరు తిరగని పేరు ఇంకొకటుంది. రెండూ కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని రాస్తారు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీన్ని గుర్తుపట్టడానికి కొలత పెట్టింది. ఆరు నెలలకు పైగా మునుపటి పనులు చేసుకోలేనంత అలసట, శ్రమ తర్వాత కూలబడిపోవడం, ఎంత నిద్రపోయినా సేద తీరకపోవడం – ఈ మూడూ ఉండాలి. వీటితోబాటు మతిమరుపు, ఆలోచన మసకబారడం గానీ, నిలబడితే కళ్ళు తిరగడం గానీ ఉండాలి. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు. నయం చేసే మందు లేదు. చాలామందికి ఏదో ఒక విషజ్వరం తర్వాత మొదలవుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువ.

ఆ రోజు ఇంటికొచ్చాక మావారు క్యాలెండర్ ముందు చాలాసేపు నిలబడ్డారు. లెక్కలు చూసే మనిషి కదా! శుక్రవారం పద్దు, ఆదివారం పద్దు వేలితో చూపించి, ‘ఇది అప్పు. శుక్రవారం తీసుకుంటే ఆదివారం వడ్డీతో కట్టించుకుంటోంది’ అన్నారు. నన్ను పరీక్షించిన ఏ కాగితమూ ఆయనకు అర్థం కాలేదు గానీ ఇది మాత్రం అర్థమైంది. తర్వాతి ఆదివారం అత్తయ్యకు ఆయనే చెప్పారు. నేను గదిలో ఉండి విన్నాను.

ఇదివరకు ఏమన్నారంటే...

ఈ జబ్బు చరిత్ర చదివితే నాకు ఆశ్చర్యం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. 1955 జులైలో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో నర్సులు, డాక్టర్లు, సిబ్బంది దాదాపు 300 మంది ఇట్లాంటి జబ్బుతోనే పడిపోయారు. ఆసుపత్రిని రెండు నెలలకు పైగా మూసేశారు. పదిహేనేళ్ళ తర్వాత, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు ఆ పాత కాగితాలు చూసి ఇది సామూహిక హిస్టీరియా అని తేల్చేశారు! జబ్బుపడ్డవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువగా ఉండటం కూడా వాళ్ళకొక ఆధారమే. లండన్ నర్సులకే ఈ గతి పడితే ప్రొద్దుటూరు ఇల్లాలికి ‘టెన్షన్లు తగ్గించుకో’ అన్న సలహా రావడంలో వింతేముంది?

1988లో అమెరికా వాళ్ళు ‘క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. నన్నడిగితే ఆ పేరే సగం చేటు చేసింది. క్షయకు ‘దీర్ఘకాలిక దగ్గు’ అని పేరు పెడితే ఎట్లా ఉంటుంది? అలసట అనగానే, ‘మాకు మాత్రం లేదా అలసట?’ అంటారు ఎదుటివాళ్ళు. వాళ్ళ మాటా నిజమే. 2005లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మన గోవా ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. 2494 మందిని అడిగితే వందకు పన్నెండు మంది, ఆరు నెలలుగా అలసట పోవడం లేదన్నారు. అప్పులున్న ఇళ్ళల్లో, తిండికి ఇబ్బంది పడ్డ ఇళ్ళల్లో, చదువు లేనివాళ్ళలో, మనోవేదన ఉన్నవాళ్ళలో ఎక్కువ. హిమోగ్లోబిన్‌కూ దానికీ పొత్తు కుదరలేదు. వాళ్ళందరిదీ నా జబ్బే అని కాదు. ‘నీరసంగా ఉంది డాక్టరుగారూ’ అని ఆడది అంటే ఆ మాట వెనక అప్పుల నుంచి విషజ్వరం దాకా ఏదైనా ఉండొచ్చు, ఐరన్ మాత్ర రాసి పంపితే సరిపోదు అని నా ఉద్దేశం.

మన జిల్లాకు ఇది మరీ కొత్తేం కాదేమోననిపిస్తుంది. 2006లో చికున్‌గున్యా రాయలసీమను ఊపేసింది, గుర్తుందా? ఊళ్ళల్లో ‘చికెన్ గున్యా’ అని కోడికూర కూడా మానేశారు కొందరు! జ్వరం వారానికి తగ్గినా, నెలల తరబడి కీళ్ళు పట్టుకుని, లేవలేక మంచానికి అంటుకుపోయినవాళ్ళు మా పులివెందుల వీధిలో నాకు తెలిసే నలుగురైదుగురు. వాళ్ళ అలసటను ఎవరూ ఏ కాగితం మీదా రాయలేదు. ‘జ్వరమొచ్చి పోయినాక ఇంగ మనిషి మనిషి కాలేదు’ అని మాత్రం చెప్పుకునేవాళ్ళు.

అలిసిపోకముందే...

ఇక ఎట్లా తేరుకుంటున్నానన్న సంగతి. పొద్దున్నే నడవమని, రోజుకు కాస్త కాస్త పెంచమని నాకు ముందే సలహా ఇచ్చారన్నాను కదా. చాలా జబ్బులకు అది మంచి మాటే. ఈ జబ్బుక్కూడా అదే మందని 2011లో బ్రిటన్‌లో 641 మంది రోగులతో చేసిన పేస్ అనే ప్రయోగం గట్టిగా చెప్పింది. రోగులు ఒప్పుకోలేదు. ఆ లెక్కలు బయటపెట్టమని ఒక రోగి పట్టుబట్టి, 2016లో ట్రిబ్యునల్ తీర్పుతో బయటపెట్టించాడు. తిరిగి లెక్కేస్తే అంత గొప్పగా లేవు. చివరికి 2021 అక్టోబరులో ఆ దేశపు ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్, వ్యాయామం పెంచుకుంటూ పోవడమన్నది ఈ జబ్బుకు చికిత్సగా ఇవ్వకూడదని రాసింది. ఉన్న శక్తికి లోబడి పని చేసుకోమంది. మా డాక్టరుగారు చెప్పిందీ అదే – ‘అలిసిపోయాక పడుకోవడం కాదమ్మా, అలిసిపోకముందే పడుకోవాలి.’

వినడానికి తేలిగ్గానే ఉంది. పట్టపగలు, పదకొండు గంటలకు, ఒంట్లో ఇంకా కొంచెం ఓపిక ఉండగా, గిన్నెలు అట్లాగే పెట్టి పోయి పడుకోవాలంటే ఆడదానికి ఎంత కష్టమో! పగలు నడుం వాలిస్తే ఇంట్లో లక్ష్మి నిలవదని విన్న చెవులివి. పని అయ్యాక గదా విశ్రాంతి! మనకు పని ఎప్పుడవుతుంది?

నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో కాపురం చేసినవాళ్ళకు ఈ పద్ధతి బాగా అర్థమవుతుంది. తొట్టిలో ఉన్నదాన్ని చూసుకుని బట్టలా, స్నానాలా, వాకిలా అని పంచుకుంటాం. తొట్టి అడుగు కనిపించేదాకా ఎవరూ ఆగరు. నేనూ నా రోజును అట్లాగే పంచాను. గడియారం పెట్టుకుని పావుగంట పని, పావుగంట పడక. మొదటి రెండు నెలలు అంతే. శుక్రవారం పనిని ముక్కలు చేశాం. సోమవారం దేవుడి సామాను, బుధవారం ఒక గది, గురువారం తలంటు. ఇల్లు కడిగే పని మావారు, పాప తీసుకున్నారు. శుక్రవారం నాకు మిగిలింది దీపం పెట్టడం ఒక్కటే. ఆ పద్ధతి పెట్టిన మూడో వారం నుంచి ఆదివారం గళ్ళలో సున్నాలు తగ్గాయి. పోలేదు, తగ్గాయి.

వంటింట్లో స్టూలు వేసుకోవడం మీద చిన్న యుద్ధమే జరుగుతుందనుకున్నాను. జరగలేదు. అత్తయ్య ఒకరోజు వచ్చి, నేను స్టూలు మీద కూర్చుని వంకాయలు తరగడం, కూర్చునే తాలింపు వేయడం చూశారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘మా కాలంలో పొయ్యి కాడ పీటేసుకోని కూసోనే గదా అన్నీ చేస్తాంటిమి. రోలు కాడ కూసుండేది, కత్తిపీట ముందర కూసుండేది. ఈ నిలబడేది మీకు యా నాయన పెట్టినాడో!’ అన్నారు. నిజమే కదా! నిలబడి వంట చేయడం గట్టు వంటిళ్ళతో వచ్చింది. మన ముందు తరాలు కూర్చునే కాపురాలు ఈదారు. ఆ రోజు నుంచి స్టూలు గురించి మా ఇంట్లో మాట లేదు. పైగా జమ్మలమడుగులో ఆవిడ కూడా ఒకటి కొనిపించుకున్నారు.

నిలబడితే గుండె దడ వచ్చేదానికి ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ళు ఎక్కువ తాగడం, పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిండు పెట్టుకోవడం నాకు పనిచేశాయి. కానీ బీపీ ఎక్కువున్నవాళ్ళు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు ఉప్పు జోలికి పోకూడదు. డాక్టర్ని అడగకుండా ఎవరూ మొదలుపెట్టకండి. మా కడప ఎండల సంగతి మీకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే సోలిపోతారు. ఆ రెండు నెలలు పొయ్యి పని పొద్దున ఎనిమిదింటికల్లా ముగిస్తాం. మధ్యాహ్నానికి రాగి అంబలి, రాత్రికి పొద్దుటి కూరే. నిద్రకు, ఒంటినొప్పులకు మందులు వాడాను. వాటితో నొప్పి తగ్గింది, జబ్బు పోలేదు. రకరకాల పొడులు, టానిక్కులు వాడమన్నవాళ్ళు లెక్కలేనంతమంది. వాటికి పెట్టే డబ్బు ఒక పనిమనిషికి పెట్టడం మేలని మావారు తేల్చారు. ఆయన మాటల్లో నాకు బాగా నచ్చినది ఇదే.

పనిమనిషి అనగానే ఒకటి గుర్తొచ్చింది. మా వీధి చివర మగ్గాల ఇళ్ళున్నాయి. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దున నుంచి చీకటి పడేదాకా కూర్చునే ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరికి ఈ జబ్బొస్తే? పావుగంట పని, పావుగంట పడక అంటే చీర ఎప్పుడు దిగాలి, కూలి ఎప్పుడు చేతికి రావాలి? నా క్యాలెండర్ పద్ధతి గురించి చెప్పుకునేటప్పుడల్లా ఈ ప్రశ్న నా గొంతులో అడ్డం పడుతుంది. జవాబు నా దగ్గర లేదు. విశ్రాంతి కూడా డబ్బున్నవాళ్ళ సొత్తే కావడం అన్యాయం.

పది పంక్తుల కథ

కథల సంగతి అడుగుతారేమో! ఏడాదిన్నర పాటు ఒక్క అక్షరం రాయలేదు. అప్పుడు నాకు బలమిచ్చిన మనిషి పేరు లారా హిల్లెన్‌బ్రాండ్. అమెరికా రచయిత్రి. 1987లో, కాలేజీలో చదువుకునే వయసులో ఈ జబ్బు పట్టుకుంది. తల తిరుగుడుతో అక్షరాలు కదిలిపోతుంటే, ఇల్లు దాటలేని రోజుల్లోనే ఆమె ఒక పందెం గుర్రం గురించి ‘సీబిస్కట్’ అనే పుస్తకం రాసింది. 2001లో వచ్చింది, సినిమా కూడా అయింది. 2010లో ఇంకొకటి, ‘అన్‌బ్రోకెన్’. గడప దాటలేని మనిషి పరుగెత్తే గుర్రం కథ రాసిందంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఆమె కూడా నయమైపోయి రాయలేదు. జబ్బుతోనే రాసింది.

నేను రోజుకు పది పంక్తులు పెట్టుకున్నాను. పడుకుని ఫోన్లో చెబితే మా పాప ఆదివారాలు కాగితం మీద ఎక్కించేది. ‘అమ్మా, నువ్వు ఈ మాట ముందే చెప్పావు’ అని గుర్తుచేసేది. ఆరు పేజీల కథకు పద్నాలుగు నెలలు పట్టింది. ఒకప్పుడు అది వారం రోజుల పని.

మీకు ఎంత బాగైంది అని ఎవరైనా అడిగితే నేను ఊళ్ళ లెక్కలో చెబుతాను. 2022లో మా ఇంటి గేటు దాకా. 2023 సంక్రాంతికి జమ్మలమడుగు – ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, కారు వెనక సీట్లో పడుకుని పోయాను, పోయాక రెండు రోజులు పడుకున్నాను. ఆ ఏడు దసరాకు మా ఊరి అమ్మవారిశాల. ప్రొద్దుటూరు దసరా గురించి తెలిసినవాళ్ళకు ఆ జనం తెలుసు; జనం రాకముందు మధ్యాహ్నం పూట పోయి, అరగంట కూర్చుని వచ్చాను. 2024 శ్రావణంలో అమ్మ మొక్కు తీర్చడానికి గండికి పోయాం, శనివారం కాకుండా ఒక మంగళవారం. ఇంతలో అదే ఏడు చివర్లో వైరల్ జ్వరం వచ్చి మళ్ళీ గేటు దాకా తెచ్చి పెట్టింది. మూడు నెలలు. ఆ మూడు నెలలు ఇదివరకటి అంత భయం వేయలేదు. దారి తెలుసు కాబట్టి మళ్ళీ పావుగంటల దగ్గర నుంచి మొదలుపెట్టాం.

ఇప్పుడు ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి రాగలుగుతున్నాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు తీసేశారు. టికెట్టుతోబాటు సీటు కూడా పోయింది! నిలబడి ప్రయాణం నావల్ల కాదు గనక పొద్దున మొదటి బస్సు పట్టుకుంటాను. నన్ను చూస్తే జబ్బు మనిషిలా ఉండను కదా, సీటు అడిగితే ఎగాదిగా చూస్తారు. ‘నిలబడితే పడిపోతానమ్మా’ అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. అడిగితే నూటికి ఎనభై మంది జరిగి చోటిస్తారు, మన సీమ ఆడవాళ్ళు!

మునుపటి మనిషిని కాలేదు. సగానికి కాస్త పైన అనుకోండి. పెద్దవాళ్ళలో ఈ జబ్బు పూర్తిగా పోయేవాళ్ళు కొద్దిమందేనని, మెల్లగా మెరుగయ్యేవాళ్ళు మాత్రం ఉన్నారని డాక్టరుగారు మొదట్లోనే దాచకుండా చెప్పారు. ఎవరిదైనా అలసట ఆరు నెలలు దాటితే ముందు రక్తం, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. మనసు కుంగి ఉంటే అదీ చెప్పండి, దానికీ మంచి వైద్యం ఉంది. బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, అసలు ఆలస్యం వద్దు. అన్నీ బాగుండి కూడా లేవలేకపోతుంటే, ఒక నెల క్యాలెండర్ మీద సున్నాలు చుట్టి, ఆ కాగితం డాక్టరు ముందు పెట్టండి. మాటలు నమ్మనివాళ్ళు కూడా గళ్ళు నమ్ముతారు.

వచ్చే మాఘంలో పులివెందులలో మా అక్క కూతురి పెళ్ళి. నాలుగేళ్ళలో నేను కూర్చుని చూడబోయే మొదటి పెళ్ళి. నలుగు పెట్టేటప్పుడు రాననీ, ముహూర్తానికి, తలంబ్రాలకు మాత్రం ఉంటాననీ ముందే చెప్పేశాను. అక్క ఏమీ అనుకోలేదు. కల్యాణమంటపంలో పెళ్ళికూతురి గది పక్కన చిన్న గది ఒకటి ఉందట. దానిలో ఒక మంచం, ఫ్యాను చూసి, తాళంచెవి ఎవరికీ ఇవ్వకుండా నా కోసం తీసిపెట్టమని మేనేజరుతో మాట్లాడి వచ్చిందట. ‘తొమ్మిది గంటలకు లోపల పడుకో, పది గంటలకు నేనే లేపుతా, వొచ్చి ముందర వరసలో కూచో’ అని ఫోన్లో చెప్పింది.